‘ఏ గుణమైనా’ అన్న మాట కోసం ఏడాదిన్నర

విజయనగరంలో మహారాజా సంగీత కళాశాలకు దగ్గరలో, ఒక మేడ మీద గదిలో ఉంటాను. తెల్లవారకముందే కింది ఇంటి అమ్మాయి జంట స్వరాలు సాధన చేస్తుంది. నేను పాఠం చెప్పే కాలేజీకి బస్సు ఎనిమిదింటికి. ఈ రెంటి మధ్య దొరికే వేళలోనే నా ప్రూవర్ పని సాగింది.

కొన్ని సూత్రాలూ, నిరూపించాల్సిన వాక్యమూ ఇస్తే తనంతట తానే నిరూపణ వెదికే ప్రోగ్రామును ప్రూవర్ అంటారు. నేను మొదట రాసుకున్నది ఫస్ట్ ఆర్డర్ లాజిక్‌కు మాత్రమే పనికివచ్చేది. అందులో ‘ప్రతి సంఖ్యకూ’ అని చెప్పవచ్చు. కానీ గణితానుగమనం చూడండి: సున్నాకు ఉండి, ఒక సంఖ్యకు ఉన్నప్పుడల్లా దాని తర్వాతి సంఖ్యకూ ఉండే ఏ గుణమైనా అన్ని సంఖ్యలకూ ఉంటుంది. ఇక్కడ ‘ఏ’ వచ్చి పడింది సంఖ్య మీద కాదు, గుణం మీద. ఆ ఒక్క అక్షరాన్ని నేరుగా రాయాలంటే హయ్యర్ ఆర్డర్ లాజిక్ కావాలి. ఇంటర్ పిల్లలకు మొదటి నెలల్లోనే చెప్పే సూత్రాన్ని ఒకే వాక్యంగా రాయలేని యంత్రం నాకు సరిపోలేదు.

మొదట దగ్గరి దారి పట్టాను. ‘వర్తించు’ అనే ఒకే ఒక్క గుర్తు పెట్టి, ప్రమేయాలన్నింటినీ దాని కింద రాశాను. తర్కం ప్రకారం తప్పేమీ లేదు. అయితే ప్రతి పదమూ, అంటే గుర్తులతో కట్టిన ప్రతి రాతా, ‘వర్తించు’తోనే మొదలవుతుంటే, ఏ పదం దేనితో కలుస్తుందో చప్పున ఏరి ఇచ్చే సూచిక ఎందుకూ పనికిరాకుండా పోయింది. నిమిషంలో తేలే పాత సమస్యలు గంటకూ తేలలేదు. నెల రోజుల పని తీసేసి, తలగా ప్రమేయం ముందు, దాని వాదాలు (అది తీసుకునే విలువలు) వరసగా వెనక ఉండేలా పదాలను మళ్లీ నిర్మించాను. అప్పుడు రెండు వాదాలు తీసుకునే కూడికకు ఒకటే ఇచ్చి ఆపినా, అదీ ఒక పదమే అయింది. కొత్త శక్తి కోసం పాత వేగాన్ని పోగొట్టుకోకూడదన్న పట్టుదల అప్పుడే కుదిరింది. ఈ ప్రూవర్‌ను హయ్యర్ ఆర్డర్‌కు పెంచినా సరే, అది పాత సమస్యల దగ్గర తడబడకూడదు.

లామ్డాలు, అంటే పేరు పెట్టకుండానే రాసే ప్రమేయాలు, చేర్చడం అంత కష్టం కాలేదు. ఆ ప్రమేయం లోపలే చెల్లే బద్ధ చరరాశులకు పేర్లు తీసేసి, డి బ్రాయిన్ 1972లో చూపిన అంకెల పద్ధతి పెట్టుకున్నాను.

అసలు కష్టం యూనిఫికేషన్‌లో ఉంది: చరరాశులకు విలువలిచ్చి రెండు పదాలను ఒకటి చేయడం. ఫస్ట్ ఆర్డర్‌లో జవాబు ఉంటే, మిగిలినవన్నీ ఇమిడిపోయే ఒక్క జవాబు దొరుకుతుంది. రాబిన్‌సన్ 1965లో చూపించినది అదే. ఇప్పుడు తెలియని ప్రమేయం ‘ఫ’ అనుకుని, ఫ(గ(అ)), గ(ఫ(అ)) ఒకటి కావాలనండి. ఫ ఏమీ చేయకపోయినా సరిపోతుంది. గ ఒకసారి వేసినా సరే, రెండుసార్లయినా సరే, వందసార్లయినా సరే. జవాబులకు అంతు లేదు. పైగా ఏ సమస్య ఇచ్చినా జవాబు ఉందో లేదో తేల్చే పద్ధతే ఉండదని గోల్డ్‌ఫార్బ్ 1981లో, హయ్యర్ ఆర్డర్‌లో మొదటి మెట్టైన సెకండ్ ఆర్డర్‌కే నిరూపించాడు. నా ప్రోగ్రాం ఇలాంటి ఒక్క జత దగ్గర రాత్రంతా కూర్చుండిపోయేది.

రెండు పనులు చేశాను. తెలియని ప్రమేయపు వాదాలన్నీ వేరువేరు బద్ధ చరరాశులే అయితే, జవాబు ఉన్నప్పుడు మిగిలినవన్నీ ఇమిడిపోయే ఒక్క జవాబే ఉంటుందని మిల్లర్ చూపించాడు. ముందు ఆ సులువైన భాగాన్ని విడిగా తేల్చేశాను. మిగిలిన ప్రతి జతకూ జవాబుల ధార ఒకటి తెరిచి, ఒక్కోదాని నుంచి ఒక్కో అడుగు వంతులవారీగా తీసుకున్నాను. ఇంకా దొరకలేదన్నా తప్పు లేదు, తర్వాతి ధారకు వెళ్లాలి. 2020లో ప్రూవర్ల పోటీ హయ్యర్ ఆర్డర్ విభాగంలో గెలిచిన జిప్పర్‌పొజిషన్ అనే ప్రూవర్ నడిచేదీ ఈ తరహాలోనే. దాని రచయితల పట్ల నాకు గురుభావం ఉంది.

కాంటర్ సిద్ధాంతం నేను పెట్టుకున్న పరీక్ష: ఏ సమితి నుంచీ దాని ఉపసమితులన్నింటి మీదికి సంగ్రస్త ప్రమేయం, అంటే ఒక్కటీ మిగలకుండా అన్నింటినీ చేరే ప్రమేయం, ఉండదు. మొదట నడవలేదు. కావలసిన ఉపసమితి ప్రశ్నలో ఎక్కడా లేదు, యంత్రమే కల్పించాలి. చివరికి తెలియని గుణానికి తలగా ముందు ‘కాదు’ని ఊహించి పెట్టే నియమం చేర్చాను. అది పెట్టగానే మిగిలినదాన్ని యూనిఫికేషనే పూర్తి చేసింది: తన ప్రతిబింబమైన ఉపసమితిలో తాను లేని మూలకాల సమితి. కాంటర్ వికర్ణ (డయాగొనల్) వాదం అదే.

ఆ నిరూపణ ఉన్న కాగితం మా వీధిలోని విశ్రాంత గణిత మాష్టారికి చూపించాను. ఆయన వేలితో ఒక్కో పంక్తీ పట్టుకుని చదివి, ‘కాదు’ దగ్గర ఆగారు.

“ఇది నువ్వు చెప్పావా బాబూ?”

“‘కాదు’ను ప్రయత్నించమని మాత్రమే చెప్పాను మాష్టారూ. సమితిని అదే కట్టుకుంది.”

ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టారు.

పాత ఫస్ట్ ఆర్డర్ సమస్యల్లో రెండు ఇప్పటికీ మునుపటికన్నా నెమ్మదిగానే తేలుతున్నాయి. ఈ వారం వాటి మీదే ఉన్నాను.