మా వీధి మలుపులో ఓమ్నీ వ్యాన్

మాది హైదరాబాద్‌లో ఓ పాత కాలనీ. వీధికి ఒకవైపే దారి, రెండోవైపు గోడ. ఎండలు ముదిరితే బోరు ఎండిపోతుంది, వారానికి రెండు ట్యాంకర్లు తెప్పించుకోక తప్పదు. ఆ ట్యాంకర్ మలుపు తిరగాల్సిన చోటే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఒక తెల్ల ఓమ్నీ వ్యాన్ మూడేళ్లు పడి ఉంది. డ్రైవర్ అక్కడే బండి ఆపి "ఇంక లోపటికి పోదమ్మా" అనేవాడు. పైపుకి పైపు కలిపి సంపు దాకా లాక్కునేసరికి జాయింట్ల దగ్గర కారి బోలెడు నీళ్లు రోడ్డు పాలయ్యేవి. డబ్బిచ్చి కొన్న నీళ్లు అలా పోతుంటే చూడటం ఎంత బాధో ట్యాంకర్ మీద బతికేవాళ్లకే తెలుస్తుంది.

వ్యాన్ ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లమేమో. కానీ ఒక బండి కదలకుండా ఉందంటే దాని పక్కకి చెత్త వచ్చి చేరుతుంది. పగిలిన కమోడ్, తడిసిన పరుపు, అద్దం పగిలిన దేవుడి పటాలు, కొబ్బరి చిప్పలు. ఎవరో దాని పైకప్పు మీద రెండు పాత టైర్లు కూడా పెట్టారు. వానాకాలంలో ఎదురింటి బాబుకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఆ రాత్రి నేను స్టూలు వేసుకుని ఫోన్ టార్చ్‌తో టైర్లోకి చూశాను. లోపల వాననీళ్లు తేటగానే ఉన్నాయి, వాటి నిండా పిల్లపురుగులు గిలగిలా కదులుతున్నాయి. డెంగీ దోమకి మురుగు అక్కర్లేదు, ఇలాంటి నిలవ నీళ్లే కావాలి. గుడ్డు దోమ అవడానికి వారం పది రోజులు చాలు. రెండు టైర్లూ కిందపడేసి నీళ్లు ఒంపేశాను. బాబుకి ఆ దోమే కుట్టిందని నేను చెప్పలేను గానీ, ఇక ఊరుకోకూడదని మాత్రం ఆ రాత్రే అనుకున్నాను.

మున్సిపల్ యాప్‌లో ఫోటో పెట్టి కంప్లైంట్ ఇచ్చాను. రెండు రోజుల్లో మనుషులు వచ్చారు, చెత్త ఎత్తుకెళ్లారు. వ్యాన్‌ని ముట్టుకోలేదు. "బండి మా పరిధి కాదు మేడం, పోలీసులది" అన్నారు. యాప్‌లో 'పరిష్కరించాం' అని వచ్చేసింది. స్టేషన్‌కి వెళ్తే, నా కాగితం చదివి "చెత్త, దోమలు అని రాశారు కదా, మున్సిపాలిటీకి వెళ్లండి" అన్నారు. ఇలా రెండుసార్లు తిరిగాను. ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి మరీ.

మా పిన్ని కొడుకు వకీలు. వాడు నా కాగితం చూసి, "అక్కా, మూడు సమస్యలు ఒకే అర్జీలో పెట్టావు. ఎవరికి వాళ్లు మిగతా రెండూ చూపించి తప్పుకుంటారు. విడగొట్టు" అన్నాడు. పోలీసులకి ఇచ్చే కాగితంలో బండి తప్ప ఇంకో మాట ఉండకూడదన్నాడు. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, రోడ్డు మీద 10 గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చు. ఖర్చు యజమానిది. పది గంటలట! మా వ్యాన్‌కి మూడేళ్లు.

కొత్త అర్జీ ఒక్క పేజీలో రాశాను. నంబర్ ప్లేటు, తేదీలున్న ఫోటోలు, ట్యాంకర్ మలుపు తిరగలేక ఆగిన ఫోటో జతచేశాను. సంతకాల దగ్గరే కష్టమైంది. "పోలీసుల గొడవ మనకెందుకమ్మా" అని నలుగురు తలుపు వేసేశారు. డెంగీ వచ్చిన బాబు వాళ్లమ్మ మాత్రం నాతోపాటు ఇల్లిల్లూ తిరిగింది. పదకొండు సంతకాలయ్యాయి. జిరాక్స్ కాపీ మీద తేదీతో స్టాంపు వేసేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదల్లేదు. మీరూ స్టాంపు లేకుండా ఇంటికి రాకండి.

రెండు వారాలకి ఫోన్ వచ్చింది. నంబరుని బట్టి ఓనర్ దొరికాడు, వస్తున్నాడు, మీరూ ఉండండి అన్నారు. మూడేళ్లు తిట్టుకున్న మనిషి కదా, గట్టిగా అడగాలని మనసులో నాలుగు మాటలు సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఆటోలోంచి డెబ్బై దాటిన పెద్దాయన దిగారు, చేతిలో మందుల చీటీల కవరు.

"అమ్మా, ఇది నేను 2016లోనే అమ్మేశానమ్మా" అన్నారు. ఒక మెకానిక్‌కి అమ్మారట. బండి కొన్నవాళ్ల పేరు మీదకి మార్చడానికి వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, తేదీ వేయకుండా ఇచ్చేశారు. ట్రాన్స్‌ఫర్ తనే చేయించుకుంటానన్నాడట మెకానిక్. ఇప్పుడు ఆ మెకానిక్ నంబరు పనిచేయడం లేదు. అమ్మినట్టు రసీదు కూడా లేదు. కానీ రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని. 2018లో సుప్రీంకోర్టు కూడా ఒక ప్రమాదం కేసులో ఇదే చెప్పింది. ఆ బండి మూడేళ్లు కదలకుండా ఉండబట్టి సరిపోయింది, ఎవరినైనా గుద్ది ఉంటే ఈ వయసులో ఆయన గతేమిటి?

ఆయన జేబురుమాలుతో ముందద్దం తుడిచి లోపలికి చూశారు. డాష్‌బోర్డు మీద బొటనవేలంత వినాయకుడు ఇంకా అతుక్కునే ఉన్నాడు. "మా అమ్మాయి అంటించింది" అన్నారు. నేను అనుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ నోట రాలేదు.

ఎవరూ రాకపోయి ఉంటే, హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం 40వ సెక్షన్ కింద ప్రకటన ఇచ్చి, హక్కుదారులకి ఆరు నెలల గడువు పెట్టి, ఆ తర్వాత వేలం వేస్తారట. ఆయన వచ్చారు కాబట్టి అంతదాకా పోలేదు. బండి తుక్కుకి పంపి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకుంటానని రాసిచ్చారు. క్రేన్ ఖర్చు ఆయనదే అయినా, మా వీధిలో ఇంటికి రెండు వందలు వేసుకుని సగం ఇచ్చాం. సంతకం పెట్టనివాళ్లు కూడా ఇచ్చారు. క్రేన్ ఎత్తుతుంటే మట్టిలో దిగబడిన రిమ్ములు ఊడిరావడానికి చాలాసేపు పట్టింది. బంపర్ సందులో మొలిచిన రావి మొక్కని పెద్దాయనే జాగ్రత్తగా వేళ్లతో తీసి గోడ వారన పెట్టారు. వినాయకుణ్ని జేబులో వేసుకున్నారు.

ఆ శనివారం ట్యాంకర్ రివర్స్‌లో మా గేటు దాకా వచ్చింది.

మా ఆయన పాత స్కూటీ రెండేళ్ల కిందట మా తమ్ముడికి ఇచ్చాం. ఫారాల మీద సంతకాలు పెట్టి వాడి చేతికే ఇచ్చాం, తేదీ వేయలేదు. సోమవారం వాణ్ని పిలిపించి, ముగ్గురం కలిసి ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లాం.