మా చింటూ గాడి షుగరు

చింటూ గాడు పదేళ్లు దాటిన మగపిల్లి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, గుమ్మం దాటడు, ఒళ్లు బాగా చేశాడు. అలాంటివాడు తిండి ఇంకా ఎక్కువ అడుగుతూనే చిక్కిపోసాగాడు. నీళ్ల గిన్నె ఎప్పుడు చూసినా ఖాళీ, ట్రేలో ఇసుకంతా ముద్దలు. వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తుంటే ఇక ఆగలేక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

చక్కెర 380 ఉంది. అయినా ఆయన వెంటనే తేల్చలేదు. పిల్లి బెదిరినా చక్కెర 300 దాటొచ్చట. మూత్రంలో కూడా చక్కెర కనబడి, గత రెండు మూడు వారాల సంగతి చెప్పే ఫ్రక్టోసమైన్ అనే రక్తపరీక్షలో కూడా ఎక్కువ వచ్చాకే షుగరన్నారు. పూటకొక యూనిట్ గ్లార్జిన్ ఇన్సులిన్, పన్నెండు గంటల తేడాతో.

సూది వేయడం తేలికే. తింటున్నప్పుడు చర్మం పైకెత్తి గుచ్చితే వాడికి పట్టదు. భయమంతా సిరంజితోనే. మా అత్తయ్యకూ ఇన్సులినే, కానీ ఆవిడది 40 రకం, అంటే మిల్లీలీటరులో 40 యూనిట్లు, ఎర్ర మూత సిరంజి. వీడిది 100 రకం, మిల్లీలీటరులో 100 యూనిట్లు, నారింజ మూత. వీడి మందు ఎర్ర మూతదాంట్లో ఒక గీత లాగితే రెండున్నర యూనిట్లు! ప్రాణం మీదికొస్తుంది. మెడికల్ షాపులో మూత రంగు చూడందే డబ్బులిచ్చేదాన్ని కాదు. ఫ్రిజ్‌లో ఇద్దరివీ వేర్వేరు అరల్లో పెట్టాను.

డ్రై ఫుడ్ మాన్పించి, పిండిపదార్థం తక్కువున్న వెట్ ఫుడ్‌కి మార్చాం. అత్తయ్య చాటుగా పెట్టే పెరుగన్నం మాన్పించడమే పెద్ద పని. చెవి అంచున గుచ్చి ఇంట్లోనే చక్కెర చూసేదాన్ని. మనుషుల మీటరు పిల్లికి కాస్త తక్కువ చూపిస్తుంది కాబట్టి, ఒక్క అంకె చూసి మోతాదు మార్చొద్దన్నారు డాక్టరు.

కొన్ని నెలలకు ఒక సాయంత్రం వాడు తూలిపోయాడు. మీటరులో 52. చిగుళ్లకు తేనె రాసి, తేరుకున్నాక తిండి పెట్టి, డాక్టరుకు ఫోన్ చేశాను. మోతాదు తగ్గించారు. తర్వాత ఇంకా తగ్గించి, చివరికి ఆపేశారు. మొదట్లోనే అదుపులోకి తెస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుందట.

"దానికి పోయిందట, నాకెప్పుడు పోతుందమ్మా?" అంటుంది అత్తయ్య. వీడికీ పూర్తిగా పోయినట్టు కాదు, మళ్లీ రావచ్చు. అందుకే వెట్ ఫుడ్ మానలేదు, చెవి పరీక్ష అప్పుడప్పుడూ జరుగుతూనే ఉంది. స్టెరాయిడ్‌తో చక్కెర పెరుగుతుంది కాబట్టి, దురదకని ఎవరైనా ఆ సూది వేయబోతే వీడి సంగతి ముందే చెప్పమన్నారు.