మా ఇంట్లో ఫాస్ట్ కార్

2023 వేసవి నుంచి మా ఇంట్లో ఒక వాదన నడుస్తోంది. ‘ఫాస్ట్ కార్’ పాట ఎవరు పాడితే బాగుంది? నాది ఈ పాట రాసి మొదట పాడిన ట్రేసీ చాప్‌మన్ పక్షం. మా పెద్దమ్మాయిది 2023లో దాన్ని మళ్లీ పాడిన ల్యూక్ కోమ్స్ పక్షం. ఆయన అమెరికా పల్లె బాణీ ‘కంట్రీ’ పాటల గాయకుడు. మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్ దగ్గర, ఆయన పుట్టింది పక్కనే ఉన్న హంటర్స్‌విల్‌లో. అందుకని ‘మన ఊరి వాడు’ అనే అభిమానం కూడా తోడైంది. చిన్నోడికి 2015లో జోనస్ బ్లూ చేసిన డాన్స్ వెర్షన్ తప్ప ఇంకేదీ ఎక్కదు. అందులో పాడిన డాకోటా గొంతు బాగుంటుంది గానీ, ఇంత బాధ ఉన్న పాటకి గంతులేయడం నాకు మనసొప్పదు.

అసలు పాట 1988లో వచ్చింది. క్లీవ్‌లాండ్‌లో పుట్టిన చాప్‌మన్‌కి అప్పుడు 24 ఏళ్లు. ఆ జూన్‌లో లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. స్టీవీ వండర్ సామగ్రిలో ఇబ్బంది వచ్చి ఆయన పాడలేకపోతే, అప్పటికే పాడి దిగిపోయిన ఈ అమ్మాయిని మళ్లీ స్టేజీ ఎక్కించారు. ఒక్క గిటార్ పట్టుకుని అంత పెద్ద స్టేడియంలో నిలబడి ఈ పాట పాడింది. ఆ తర్వాతే ప్రపంచమంతా ఆమె పేరు వినిపించింది.

పాటలో కథ చిన్నదే. తండ్రి తాగుబోతు. తల్లి వదిలేసి వెళ్లిపోతుంది. తండ్రిని చూసుకోవడానికి కూతురు చదువు మానేస్తుంది. కారున్న అబ్బాయితో ఊరు దాటిపోతే బతుకు మారుతుందనుకుంటుంది. చివరికి తనే సంపాదిస్తూ ఇల్లు లాగుతుంటుంది, అతను తండ్రి దారే పడతాడు. ఇక నీ కారులో నువ్వు వెళ్లిపో అని చెప్పే చోటికి కథ వస్తుంది.

నేను మొదటిసారి ఈ పాట విన్నది డ్రైవింగ్ నేర్పే ఆవిడ కారులో, రేడియోలో. పెళ్లయి, మా ఆయన ఉద్యోగ వీసా మీద ఆధారపడ్డ హెచ్-4 వీసాతో వచ్చిన రోజులు. చేతిలో డిగ్రీ ఉన్నా ఉద్యోగం చేసే అనుమతి లేదు. మాలాంటి వాళ్లలో కొందరికి ఆ అనుమతి దొరికింది 2015లో. మా ఆయన కారు తీసుకుని ఆఫీసుకి వెళ్తే పాల ప్యాకెట్ కొనాలన్నా సాయంత్రం దాకా ఆగాల్సిందే. పాట మాటలు నాకు సగమే అందాయి. కారుంటే ఎక్కడికైనా పోవచ్చన్న ఆశ మాత్రం పూర్తిగా అందింది. ఆ అమ్మాయి కష్టం ముందు నాది కష్టమే కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా లైసెన్స్ చేతికొచ్చేవరకు ఆ పాట నాదే అనిపించింది.

ఒక ఆదివారం నేను పెసరట్లు వేస్తుంటే అమ్మాయి రెండు వెర్షన్లూ వెంట వెంట పెట్టింది. చాప్‌మన్ పాటలో గిటార్ అదే చిన్న వరస చుట్టూ తిరుగుతుంటుంది. చరణం సాగినంతసేపూ గొంతు తొణకదు. కారులో తిరిగిన జ్ఞాపకం దగ్గరికి రాగానే డ్రమ్స్ ఒక్కసారి లేస్తాయి, మళ్లీ అణిగిపోతాయి. ఆ కాసేపే ఆమెకి సంతోషం. కోమ్స్ కూడా గిటార్ వరసని అలాగే ఉంచాడు. కానీ ఆయనది జీర గొంతు, వెనక బ్యాండ్ నిండుగా ఉంటుంది. “అమ్మా, ఆయన ఇప్పుడే జరుగుతున్నట్టు పాడతాడు. ఆవిడ ఎప్పుడో అయిపోయిందాన్ని చెబుతుంది,” అంది అమ్మాయి. నాకు ఆవిడ పాటే నచ్చడానికి కారణం అదే. తనకి కోమ్స్ నచ్చడానికి కారణం కూడా అదేనట!

కోమ్స్‌లో నాకు నచ్చింది ఇంకొకటి. మార్కెట్లో కౌంటర్ దగ్గర పనిచేసే అమ్మాయిని ఆయన అబ్బాయిగా మార్చలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి విన్న పాటని విన్నట్టే పాడాడు. మగవాడు అలా ఎలా పాడతాడని చిన్నోడు అడిగాడు. అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది కాబట్టి నా పని సులువైంది. క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది ఎక్కువగా నాయికే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ పట్టుకుని నిలబడితే ఆయన మగవాడన్న సంగతే జనానికి గుర్తుండేది కాదు. యూట్యూబ్‌లో చూపిస్తే వాడు నోరు మూసుకుని చూశాడు.

ఈ పాటలో మాకు మింగుడుపడనిది కూడా ఉంది. కోమ్స్ పాడాక ఇది కంట్రీ రేడియోలో మొదటి స్థానానికి వెళ్లింది. 2023 నవంబరులో చాప్‌మన్‌కి కంట్రీ సంగీత సంఘం (సీఎంఏ) ఇచ్చే ‘సాంగ్ ఆఫ్ ద ఇయర్’ అవార్డు వచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమే. పాట పుట్టిన 35 ఏళ్లకి! “తెల్లవాళ్ల గొంతులో వస్తేనే వింటారా?” అని అమ్మాయి చాలా కోపంగా అడిగింది. ఆ కోపం న్యాయమైనదే. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. ఆమె పాడుతుంటే కోమ్స్ పెదవులు కదుపుతూ అభిమానిలా ఆమెనే చూస్తున్నాడు. అది చూశాక అమ్మాయి కాస్త మెత్తబడింది. నాకు కళ్లు చెమర్చాయి.

అసలు చర్చ తెనాలిలో ఉన్న మా అమ్మ వీడియో కాల్‌లో కలిశాక మొదలైంది. చదువు మానేసి నాన్నని చూసుకోవడం తప్పా, ఒప్పా? స్నేహితులందరూ తప్పే అన్నారని అమ్మాయి చెప్పింది. తండ్రిని వదిలేసి ఎలా పోతుందే అంటుందేమో మా అమ్మ అనుకున్నాను. అమ్మానాన్నల్ని వదిలి ఇంత దూరం వచ్చినదాన్ని, నాకే టెన్షన్ పట్టుకుంది. అమ్మ కథంతా విని, “అవును గానీ, ఆ పిల్లకి మేనమామ లేడా? ఇరుగుపొరుగు ఏమయ్యారు? పసిపిల్ల మీద అంత బరువు పడుతుంటే ఊళ్లో పెద్దవాళ్లెవరూ పలకలేదా?” అంది.

మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక, “మరి ఇక్కడ మనకి ఎవరున్నారు?” అని అడిగింది. పై వీధి తెలుగు వాళ్లని, చిన్నోడు పుట్టిన రాత్రి తనని వాళ్లింట్లో పడుకోబెట్టుకున్న గుజరాతీ ఆంటీని గుర్తు చేశాను. ఇంకో మాట కూడా చెప్పాను. రేపు మాకు ముసలితనం వస్తే నా కోసం నీ చదువూ ఉద్యోగమూ వదులుకోవద్దు, ఆ ఏర్పాట్లేవో మేమే చేసుకుంటాం అన్నాను.

“అది నేను డిసైడ్ చేస్తాలే అమ్మా,” అంది.