పర్లాకిమిడిలో ఒక ఆయిల్ ఫిల్టరు

మా అమ్మాయికి తెలుగు చదవడం, రాయడం రాదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఈ మాట రాయవలసి రావడం నా ఖర్మ. పర్లాకిమిడిలో మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పడిన సరిహద్దు మా ఊరి అంచునే ఉంది. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ కార్ల స్పేరు పార్టుల దుకాణం పెట్టి ఇరవై ఆరేళ్లయింది. పిల్లకు వీధిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఫోనులో మా అమ్మతో మాట్లాడుతూ మాటకొకసారి "హఉ" అంటుంది. "హైదరాబాదు పిల్లలా ఆ హౌ ఏమిటే?" అని మా అమ్మ. ఒడియాలో దానికి "సరే" అని అర్థమని చెప్పినా ఆవిడకు నమ్మకం కుదరలేదు.

ఇప్పుడు మెకానికల్ మూడో సంవత్సరం. కాలేజీ పిల్లలంతా కలిసి ఫార్ములా భారత్ పోటీకి ఒక్క సీటు రేసుకారు కడుతున్నారు. కోయంబత్తూరు దగ్గర కరి ట్రాక్ మీద నడపాలట. 710 సీసీ దాటకూడదు, పెట్రోలు ఇంజన్ గాలి పీల్చే దారి 20 మిల్లీమీటర్లకు మించకూడదు. వీళ్లు పాత హోండా సీబీఆర్ 600 బైకు ఇంజన్ ఒకటి సంపాదించారు. దసరాకు వచ్చేటప్పుడు దాని పాత ఆయిల్ ఫిల్టరును దినపత్రికలో చుట్టి తెచ్చింది.

నేను చూడగానే అరలోంచి కారు ఫిల్టరు ఒకటి తీసి బల్ల మీద పెట్టాను. మర అదే, ఎం20, పిచ్ 1.5, అంటే 20 మిల్లీమీటర్ల మర, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.5 మిల్లీమీటర్లు. రబ్బరు రింగు చక్కగా కూర్చుంటుంది. ధర సగం.

"మర కలిస్తే చాలా నాన్నా?" అంది.

ఇరవై ఆరేళ్లుగా ఫిల్టర్లు అమ్ముతున్నవాడిని. కోపం వచ్చింది. రెండూ కోసి చూద్దాం పద అన్నాను.

ఫిల్టరును హాక్సాతో కోయకూడదు. ఆ రంపపు రజను లోపల పడితే ఇంజన్ అరిగిందో, మనమే పోశామో తేలదు. డబ్బా మూతలు తెరిచే పద్ధతిలో అంచు చుట్టూ తిరిగే కట్టరు ఉంది నా దగ్గర. దుకాణం వెనక గట్టు మీద కూర్చుని రెండింటి పొట్టా విప్పాం. నా దానిలో కాగితం మడతలు వదులుగా, చివరలు అట్టకు జిగురుతో అతికించి ఉన్నాయి. తన దానిలో దగ్గర దగ్గర మడతలు, రేకు మూతలు. బైపాస్ వాల్వు స్ప్రింగును బొటనవేలితో నొక్కి చూసింది. నాది ఇట్టే లొంగింది.

కథంతా ఆ స్ప్రింగులోనే ఉంది. ఫిల్టరుకు ముందూ వెనకా ఒత్తిడి తేడా హద్దు దాటితే ఈ వాల్వు తెరుచుకుని, వడపోయని నూనెనే ఇంజన్‌కు వదులుతుంది. బేరింగులు ఎండిపోవడం కంటే మురికి నూనె నయం కదా. కానీ నిమిషానికి 10,000 చుట్లు దాటి తిరిగే ఇంజన్‌లో, నూనె ఇంకా చల్లగా చిక్కగా ఉన్నప్పుడు, మెత్తని స్ప్రింగు పదేపదే తెరుచుకుంటే ఇక ఫిల్టరు పెట్టి ఏం లాభం?

ఆ తరువాత తను చెప్పినది నాకు తట్టనే లేదు. కారులో ఇంజన్ నూనె వేరు, గేరుబాక్సు నూనె వేరు. ఈ బైకు ఇంజన్‌లో క్లచ్‌కూ గేర్లకూ అన్నిటికీ ఒకటే నూనె. క్లచ్ పొడి, గేరు పళ్ల అరుగుదల, అన్నీ ఈ చిన్న డబ్బాలోకే వస్తాయి. నేను కార్ల వాడిని, అక్కడ ఓడిపోయాను.

"20 మైక్రాన్లు అని అట్టపెట్టె మీద ఉంది కదా" అని చివరి పట్టు పట్టాను. మైక్రాన్లు అంటే ఆపే నలుసుల సైజు. అదొక్కటే చెబితే చాలదట, ఆ సైజు నలుసుల్లో ఎన్నిటిని ఆపుతుందో చెప్పాలట. ఆ లెక్క పేరు బీటా. బీటా 75 అంటే 75 వస్తే ఒకటి జారిపోతుంది. బీటా 2 అంటే సగం దాటిపోతాయి. పెట్టెల మీద ఈ లెక్క ఉండదు, నాకు తెలిసి అడిగిన గిరాకీ కూడా లేడు.

తనకేమో తీగతో కట్టుకునే కన్నం ఉన్న రేసు ఫిల్టరు మీద మనసు. రంగు బాగుంది, ధర ఇంకా బాగుంది. పోటీ అయ్యాక ఎలాగూ మార్చేస్తారు, ఎక్కువ కాలం మన్నవలసిన పని లేదు, కంపెనీ ఫిల్టరే చాలన్నాను. ఊడకుండా ఉండాలంటే డబ్బా చుట్టూ హోస్ క్లిప్పు బిగించి దానికి తీగ కట్టమన్నాను. ఆ క్లిప్పు నా దుకాణంలోదే. ఈసారి "హఉ" అన్నది తను కాదు, నేను.

రాత్రి తన నోటుపుస్తకం తిరగేస్తే లెక్కల పక్కన ఒడియా అక్షరాల్లో ఏవో మాటలు. పైకి చదివితే అన్నీ తెలుగే. వడపోత, మడత, పోర. "పోర ఏమిటమ్మా?" అన్నాను. "పొర నాన్నా, కాగితం పొర." ఒడియా లిపిలో పొట్టి 'ఎ', 'ఒ'లకు వేరే గుర్తులు లేవు. ఆ కాగితం మీదే కింద 'పొ', 'పో' పక్కపక్కన రాసి చూపించాను. ఆవలిస్తూ చూసింది.

విశాఖ నుంచి ఫిల్టరు వచ్చిన రోజే తన ప్రయాణం. బిగించే ముందు డబ్బా మీద తేదీ రాయడం మెకానిక్కుల అలవాటు. తను మార్కరు తీసుకుని తేదీ వేసి, దాని కింద ఆగి ఆగి తెలుగులో "కోత్తది" అని రాసింది.

దిద్దలేదు. ఆ మార్కరు చెరగదు.