మైనర్‌కు 3.9

ఇంగ్లండ్‌లో నేను నడిపే పాత బ్రిటిష్ కారు, 1098 సీసీ మారిస్ మైనర్ వెనక యాక్సిల్‌లో (వెనక చక్రాల ఇరుసులో) పళ్లచక్రాలు అరిగి, వేగం పెరిగేకొద్దీ సన్నటి ఊళ వినిపించడం మొదలవడంతో, కొత్తగా ఏ నిష్పత్తి వేయించాలన్న ప్రశ్నపై ఎంతో ఇష్టంగా సమయం వెచ్చించాను. కారుతో వచ్చినది 4.22, అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు చివరనున్న చిన్న చక్రం పినియన్‌కు 9 పళ్లు, అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్ వీల్‌కు 38; చక్రాలు ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్టు 4.22 చుట్లు తిరుగుతుంది. ఎంజీ మిడ్జెట్ అనే చిన్న స్పోర్ట్స్ కారు చివరి 1275 సీసీ కార్లలో వచ్చిన 3.9 కూడా ఇదే యాక్సిల్‌లో చక్కగా కూర్చుంటుంది. దానితో గంటకు 100 కిలోమీటర్ల వద్ద ఇంజిన్ నిమిషానికి సుమారు 3,800 చుట్లకు బదులు 3,500 చుట్లే తిరుగుతుంది, మోటార్‌వేపై పక్కనున్నవారితో గొంతు పెంచకుండా మాట్లాడవచ్చు. ఇంకా తక్కువ నిష్పత్తి వేయించుకోమన్న సలహాను మాత్రం నేను అంగీకరించలేదు. నలుగురు ఎక్కిన కారు ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంత చిన్న ఇంజిన్ టాప్ గేరులో లాగలేదు, మాటిమాటికీ మూడో గేరుకు దిగవలసి వస్తే సంపాదించుకున్న ప్రశాంతత అంతా పోతుంది. 3.9 వేయించాక తప్పనిసరిగా చూడవలసినది స్పీడోమీటర్. దాని కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది కనుక, యాక్సిల్‌లో జరిగిన మార్పు దానికి తెలియదు; ఇప్పుడు ముల్లు అసలు వేగం కంటే 7, 8 శాతం తక్కువ చూపుతోంది. కెమెరాలున్న రోడ్లపై ఇది చిన్న విషయం కాదు, అందుకే మీటరును సరిచేయించడానికి పంపాను.