కంకర నమిలిన చప్పుడు

ఐఎస్ఓ 9001 (నాణ్యతా నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) ఆడిట్‌లో అడిగిన ఒక ప్రశ్నతో ఇదంతా మొదలైంది. 2015 వెర్షన్‌లో 7.1.6 అనే క్లాజు ఉంది. పని నడవడానికి సంస్థకు ఏ జ్ఞానం కావాలో గుర్తించి, దాన్ని నిలబెట్టుకుని, అవసరమైన మేరకు అందుబాటులో ఉంచాలంటుంది. "మీ సీనియర్లు రిటైరైతే వాళ్లకు తెలిసిందంతా ఎక్కడుంటుంది?" అని ఆడిటర్ అడిగితే మా థర్మల్ ప్లాంట్‌లో అందరం మొహమొహాలు చూసుకున్నాం. మెయింటెనెన్స్ ప్లానింగ్‌లో ఉన్నాను కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

ముందు షేర్‌పాయింట్‌లో (ఆఫీసు ఫైళ్లు అందరూ పంచుకునే సాఫ్ట్‌వేర్) ఒక పోర్టల్ చేయించాను. ఒక్కో ఇంజినీరు నెలకు రెండు డాక్యుమెంట్లు పెట్టాలని సర్క్యులర్ వేయించాను. పెట్టారు! మాన్యువళ్ల స్కాన్లు, పాత సేఫ్టీ పోస్టర్లు, 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది' అంటూ ఒకే ఫైలు మూడుసార్లు. లెక్క అడిగాను, లెక్కే ఇచ్చారు. తప్పు నాదే.

పంపుల సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. ఎనిమిది నెలల్లో రిటైర్‌మెంట్. తెలిసింది రాయమని ఫారం ఇస్తే రెండు వారాలకు ఖాళీగా తిరిగొచ్చింది.

"ఇది రాస్తే వచ్చేది కాదు సార్, పంపు దగ్గరికి రండి."

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ హౌసింగ్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకోమన్నారు. హోరు తప్ప ఏమీ వినపడలేదు. పక్క పంపు దగ్గర మాత్రం లోపలెవరో కంకర నములుతున్నట్టుంది. "ఈ చప్పుడొస్తే బేరింగ్ జోలికి పోకండి. ముందు సక్షన్ స్ట్రెయినర్ చూడండి, చెత్త పట్టి ఉంటుంది." స్ట్రెయినర్ అంటే పంపులోకి నీళ్లొచ్చే దారిలో ఉండే జల్లెడ. ఆ చప్పుడు చేసేదాన్నే కావిటేషన్ అంటారు. నీళ్లు సరిగ్గా అందక ప్రెజర్ పడిపోయినచోట ఆవిరి బుడగలు పుట్టి, మళ్లీ ప్రెజర్ తగలగానే చితికిపోతాయి. కాలేజీలో పరీక్ష రాసి పాసయ్యాను గానీ ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి.

జిరాక్స్ కంపెనీ కాపియర్ టెక్నీషియన్లు 1990లలో రిపేరు చిట్కాలను 'యురేకా' అనే సిస్టమ్‌లో పెట్టుకునేవారని చదివాను. చిట్కాను తోటి టెక్నీషియన్లే సరిచూసేవారు, ఇచ్చినవాళ్ల పేరు దాని మీదే ఉండేది. సర్క్యులర్ రద్దు చేయించి అదే దారి పట్టాను. నలభై సెకన్ల ఆడియో, తెలుగులో నాలుగు వాక్యాలు, కింద పెద్దాయన పేరు. కమిటీ ఆమోదం అక్కర్లేదని పైవాళ్లను ఒప్పించడానికే మూడు నెలలు పట్టింది. ఆ ఫైళ్ల తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది.

"అంతా చెప్పేస్తే రేపు మమ్మల్నెవరు పిలుస్తారు?" అని ఇంకొకాయన మొహం మీదే అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు. ఆయన ఇప్పటికీ ఒక్కటీ ఇవ్వలేదు.

అసలు చిక్కు తర్వాత బయటపడింది. రాత్రి షిఫ్టులో పంపు పక్కన ఉండేది కాంట్రాక్టు కుర్రాళ్లు, వాళ్లకు లాగిన్ లేదు. ఐటీ వాళ్లు కుదరదన్నారు. ఆ నాలుగు వాక్యాలు ప్రింటు తీసి, లామినేట్ చేసి పంపు దగ్గర కట్టాం. చప్పుడు కాగితం మీద రాదుగా, దానికి పెద్దాయన ఇంటికే ఫోన్ చేస్తున్నారట.

"ఫోను పంపు దగ్గర పెట్టరా అబ్బాయ్" అంటారట ఆయన.