సన్‌ఫిల్ము, శానిటైజరు, మూడో అంతస్తు బాబాయిగారు

ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో బంక పోవట్లేదు. కానీ నన్నిప్పుడు పడుకోనివ్వనిది ఆ బంక కాదు. పొద్దున పార్కింగులో, అద్దాలకున్న పాత సన్‌ఫిల్ము పీకుదామని కారు వెనక సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని చేతిలో హెయిర్ డ్రయ్యరు పట్టుకుని ఉంటే, మూడో అంతస్తు బాబాయిగారు బయట నుంచి వంగి చూసి అడిగారు. "మీవారు ఊళ్ళో లేరామ్మా?"

లేరు. ఉన్నా ఈ పని చేసేది నేనే. కొత్త స్టీలు గిన్నె మీద స్టిక్కరు ఊడదీయమంటేనే ఆయనకి ఓపిక చాలదు. ఆ ముక్క బాబాయిగారితో అనలేంగా, "వైజాగులో ఉన్నారండి" అన్నా. "అయ్యో, వచ్చేదాకా ఆగాల్సిందమ్మా" అన్నారు.

ఆగే వీల్లేదు. వచ్చే నెలతో మా ఐ10 కారుకి 15 ఏళ్ళు నిండుతాయి. రిజిస్ట్రేషను ఇంకో 5 ఏళ్ళు పొడిగించాలంటే ఆర్టీవో ఆఫీసుకి బండి తీసుకెళ్ళి చూపించాలి, 5,000 ఫీజు కట్టాలి. 2022కి ముందు ఇదే పని 600తో అయిపోయేది. సరే, ఆ కడుపుమంట వేరే రోజు. ఏజెంటుకి ఫోటోలు పంపితే మొదట అన్నమాటే "ఆ నల్ల ఫిల్ము పీకేసి తీసుకురండి మేడమ్" అని.

నల్లది అని మొహమాటానికి అన్నాడు గానీ అది నలుపు పోయి చాలా కాలమైంది. చవక ఫిల్ములో రంగు అద్ది ఉంటుంది. ఆ నలుపు నిజానికి రెండు మూడు రంగుల కలయిక. ఎండకి అన్నీ ఒకేలా వెలిసిపోవు, ముందు పోయేవి పోగా చివరికి ఊదా మిగులుతుంది. మా వెనక తలుపుల అద్దాలు నేరేడుపళ్ళు తిన్న నాలుకలా తయారయ్యాయి. పైగా అక్కడక్కడా బుడగలు.

మొన్న ఆటోనగర్ వెళ్ళా. ఒక షాపతను బ్లేడు చూపించి అరగంట పనన్నాడు. వెనకద్దానికి కూడా బ్లేడేనా అన్నా. "అన్నిటికీ అదేనండి." వెనకద్దం లోపలివైపు అడ్డంగా సన్నటి గీతలుంటాయి చూడండి, అవి అందానికి గీసినవి కావు. వెండి కలిపిన పూతతో అద్దం మీదే అచ్చువేస్తారు. వాటిలో కరెంటు పారితే అద్దం వేడెక్కి పట్టిన ఆవిరి పోతుంది. ఫిల్ము సరిగ్గా వాటి మీదే అతికించి ఉంటుంది. బ్లేడు ఒక్కచోట తగిలి తెగిందంటే ఆ గీత మొత్తం చచ్చినట్టే. ఇదంతా ఓపిగ్గా చెప్తే అతను నవ్వి, "బెజవాడలో మంచు ఎక్కడిదండీ" అన్నాడు. అది సరే, నాక్కూడా నవ్వొచ్చింది. తర్వాతన్నాడు, "సార్‌ని ఒకసారి పంపండి, ఆయనతో మాట్లాడతా" అని.

ఏ సార్‌తో? ఈ కారుకి పెట్రోలు పోసేది నేను, ఇన్సూరెన్సు కట్టేది నేను, పంచరైతే స్టెప్నీ మార్చింది కూడా నేనే. తాళాలు తీసుకుని వచ్చేశా. అందుకే ఇవాళ ఇంటి దగ్గర ఈ యజ్ఞం.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఫిల్ము జిగురెంత అనుకుని పొద్దున్నే బండి ఎండలోకి తోశా. అద్దం కొంచెం కిందికి దించి పై అంచు గోటితో లేపి, డ్రయ్యరుతో వేడి పెడుతూ మెల్లగా లాగాలి. గబగబా లాగితే పై పొర చేతికొచ్చి జిగురంతా అద్దానికే ఉండిపోతుంది. నెమ్మదిగా లాగినా పాత ఫిల్ముకి సగం జరిగేది అదే. ఆ జిగురు మీద సబ్బు నీళ్ళు కొట్టి, చెత్తకుండీలో వేసే నల్ల కవరు కోసి అతికించి ఎండకి వదిలేశా. కవరు కింద తడి ఆరదు, వేడి నిలబడుతుంది, జిగురు మెత్తబడుతుంది.

మెత్తబడేలోపు బాబాయిగారి సలహాలు. కిరసనాయిలు రాయమన్నారు. ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ కిరసనాయిలు? పెట్రోలు రాయమన్నారు. ఈ ఎండలో, మూసిన కార్లో, హెయిర్ డ్రయ్యరు పక్కన! తర్వాత వాట్సాప్ తెరిచి, "అసలు తీయక్కర్లేదమ్మా, కేరళ హైకోర్టు ఉంచుకోవచ్చంది" అని చూపించారు. ఆ తీర్పు నిజమే, 2024 సెప్టెంబరుది. కానీ అది అన్నది ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికొచ్చే ప్రమాణమున్న ఫిల్ముకి. మా దాంట్లోంచి 50 శాతం వెలుతురా! సీటు కింద పడిన పర్సు వెతకాలంటే పట్టపగలు ఫోను లైటు వేసుకునేవాళ్ళం. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏ శాతమైనా సరే ఫిల్మే వద్దన్నప్పుడు నాన్న ముందు తలుపులవి పీకి, "వెనక ఎవడు చూస్తాడులే" అని మిగతావి వదిలేశారు. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ళకి మినహాయింపు ఇవ్వొచ్చని ఆ తీర్పులో ఉందట. మా అమ్మకి ఆ భద్రత ఇచ్చింది నాన్న ఒక్కరే.

ఎడమ వెనక తలుపు అద్దం మీద, పై మూలన, వేలెడంత ముడత ఉంటుంది. ఫిల్ము వేయించిన మర్నాటినుంచీ ఉంది. కారు కొత్తలో, ఇలాంటి ఎండలే. పెదనాన్నగారింట్లో పెళ్ళికి తెనాలి వెళ్ళాలి. ముందురోజు సాయంత్రం నాన్న ఫిల్ము వేయించుకొచ్చారు. అద్దం తడి ఆరేదాకా దించొద్దని షాపువాడు చెప్పాడట, నాన్న ఆ సంగతి ఇంట్లో అందరికీ విడివిడిగా చెప్పారు. మాకు నమ్మకం లేదని అద్దాల స్విచ్చుల మీద కాగితం ముక్కలు పెట్టి ప్లాస్టరు కూడా వేశారు. అమ్మ కంచిపట్టు చీరలో, వెనక సీట్లో, ఒళ్ళో చదివింపుల సంచీతో. దుగ్గిరాల దాటాక రోడ్డు పక్కన తాటిముంజలు. అమ్మకి ముంజలంటే ప్రాణం. నాన్న ఆపలేదు, ముహూర్తం దాటిపోతుందన్నారు. కాస్త ముందుకెళ్ళాక రైల్వే గేటు పడింది. అక్కడా ఒక ముసలావిడ ముంజల గంప పెట్టుకుని కూర్చుంది. ఇంక అమ్మ ప్లాస్టరు పీకేసి, అద్దం దించి, బేరం కూడా ఆడేసింది. అద్దం పైకెత్తేసరికి ఫిల్ము మూల రబ్బరులో ఇరుక్కుని ముడతపడింది. నాన్న తెనాలి చేరేదాకా నోరు విప్పలేదు. పెళ్ళిభోజనాల దగ్గర అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ ముడత గురించే చెప్పారు. అమ్మ మాత్రం తాటాకు దొన్నెలో ముంజలు చల్లారకుండా, అదే, వేడెక్కకుండా తడిగుడ్డ కప్పి తీసుకెళ్ళి, పెళ్ళికూతురి గదిలో కూర్చుని పెళ్ళికూతురితో కలిసి తింది.

ఇవాళ మొదట లేచింది ఆ ముడతే. అక్కడ జిగురెప్పుడూ అంటుకోలేదు కాబట్టి పట్టు బాగా దొరికింది. లాగుతూ లాగుతూ నాకు ఒళ్ళు మండింది. పేరుకి ఎండ గానీ అసలు సంగతి అమ్మ కనబడకూడదనే కదా అనిపించింది. ముందు సీటు నాన్నదీ మా తమ్ముడిదీ, వెనక నల్లద్దాల చాటున అమ్మ. ఇవాళ అద్దం ఇవతల నిలబడి మీవారేరీ అనేవాళ్ళు, అప్పుడు అద్దం అవతల కూర్చోబెట్టినవాళ్ళు అంతా ఒక్కటే అని ఈ టపాకి ఓ పేరా కూడా మనసులో రాసేసుకున్నా. మంచి పేరా. చాలా షేర్లు వచ్చేవి.

మధ్యాహ్నం అన్నం తింటూ అమ్మతో అన్నా, నిన్నలా చాటున పెట్టడం నీకు కోపం రాలేదా అని. పెరుగు కలుపుకుంటూ, "వేయించమన్నది నేనేగా" అంది.

ఫిల్ములేని కార్లో అమ్మకి కాళ్ళు సీటు మీద పెట్టుకుని బాసింపట్టు వేయడం కుదిరేది కాదట. సిగ్నల్లో ఆగితే పక్క బస్సులోవాళ్ళు చూసేవాళ్ళట. మోకాళ్ళ నొప్పికి జండూబామ్ రాసుకోవాలన్నా, కునుకు తీయాలన్నా, బట్టల కొట్లో కొన్నవి విప్పి మళ్ళీ చూసుకోవాలన్నా నల్లద్దాలుంటే హాయి. "ఇంట్లో కూడా నాకో గది లేదప్పుడు. కార్లో వెనక సీటొక్కటే" అంది. నాన్నకి అసలు ఫిల్మే ఇష్టం లేదట, రాత్రిళ్ళు వెనకొచ్చే బండి కనపడదని గొణిగేవారట. అమ్మ ఆ డబ్బులు చీటీ పాటలోంచి ఇచ్చిందట.

నా పేరా పోయింది. నాన్న ఉంటే అడిగి తేల్చుకునేదాన్ని. ఆయన వేరేలా చెప్పేవారేమో. అమ్మ కథలు అమ్మవైపు నుంచే ఉంటాయి, ఆ ముంజలు ఎంతకి కొన్నదో కూడా చెప్పిన ప్రతిసారీ మారుతుంది.

మిగిలిన జిగురుకి మందు అమ్మే చెప్పింది, కరోనా నాటి శానిటైజరు. బీరువా కింద లీటరు డబ్బా ఇంకా ఉంది. గుడ్డ తడిపి కాసేపు అద్దం మీద ఉంచి తుడిస్తే బంక మడతలు మడతలుగా వచ్చేసింది. సగం అద్దం నీలగిరి తైలంతో కూడా ప్రయత్నించా. పని చేస్తుంది గానీ కారంతా జలుబు చేసినవాడి గదిలా... వద్దులెండి, ఆ వాసన మీకు తెలుసు.

సాయంత్రం అమ్మని ఎక్కించుకుని బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చా. అద్దాలు తళతళ. బాగుంది, నిజంగా బాగుంది. అయిదింటి ఎండ నేరుగా అమ్మ మొహం మీద పడుతుంటే ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని, చెప్పుల్లోంచి కాళ్ళు తీయకుండా, ఫోటోకి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. బండి పాసయ్యాక 50 శాతం ప్రమాణం ముద్ర ఉన్న ఫిల్ము ధరెంతో కనుక్కోవాలి. కాళ్ళు పైన పెట్టుకుంటే కనిపిస్తుందా అని అమ్మ అడుగుతోంది. సగం కనిపిస్తుందని చెప్పా.

వెనకద్దం ఇంకా మిగిలే ఉంది. రేపు పదింటికి ఎండెక్కాక కవరు వేస్తా, గీతల మీద గోరు కూడా తగలనివ్వను. బాబాయిగారు "నేను చూస్తాలేమ్మా" అంటూ సాయంత్రం షేవింగు బ్లేడుల ప్యాకెట్టు తెచ్చి బానెట్ మీద పెట్టి వెళ్ళారు. తీసుకొచ్చి పోపులపెట్టె వెనక దాచేశా. అడిగితే మావారు వైజాగు పట్టుకెళ్ళారని చెప్తా.